పాత ఆల్బమ్ రీఇష్యూ: ఉన్నదున్నట్టే రావాలా, మార్చొచ్చా?

నల్లపళ్లెం
1970ల రాక్ ఆల్బమ్ ఒకటి మళ్లీ విడుదలైతే ఎల్పీ (వినైల్ రికార్డు), డిజిటల్ ఫైలు రెండూ తీసుకున్నాను. అట్ట మీద "ఒరిజినల్ రూపంలో" అని పెద్ద అక్షరాలతో ఉంది. ఫైలు తెరిచి వేవ్‌ఫామ్ (శబ్దం గ్రాఫ్) చూస్తే పీకులన్నీ (శిఖరాలన్నీ) -0.1 డీబీ (డెసిబెల్) దగ్గర ఒకే ఎత్తులో తెగిపోయి ఉన్నాయి. మొదటి వైపు చివరి పాట ఫేడ్ (శబ్దం మెల్లగా తగ్గుతూ ముగియడం) పాత ప్రెస్సింగ్ (అప్పట్లో అచ్చేసిన రికార్డు) కంటే ఆరు సెకన్లు ముందే అయిపోతోంది. పాటల మధ్య ఖాళీలు కుదించారు. ఆల్బమ్ అయిపోయిందో లేదో బోనస్ పాట మొదలు. క్రెడిట్లలో "రీమాస్టర్డ్" అన్న ఒక్క ముక్క తప్ప ఏ టేపు వాడారో, ఎవరు చేశారో ఎక్కడా లేదు.

సూటిగా అడుగుతున్నా. పాత ఆల్బమ్‌ని మళ్లీ తెచ్చేటప్పుడు తొలి విడుదలకి కట్టుబడి తీరాలా, మార్చే హక్కు ఎవరికైనా ఉందా? నా మటుకు కట్టుబడి తీరాల్సిందే.

గాడి_ముల్లు
కట్టుబడాల్సింది దేనికి? ముందు అది తేలాలి.

మల్టీట్రాక్ టేపు మీద వాయిద్యాలు, గొంతులు విడివిడిగా ఉంటాయి. వాటిని కలిపి రెండు ట్రాకుల్లోకో, మోనో అయితే ఒక్క ట్రాకులోకో దించితే అది మిక్స్. ఆ మిక్స్ టేపుని లాకర్ (రికార్డుల అచ్చుకి మూలమైన పళ్లెం) మీద గాడిగా కోయడానికో సీడీకి ఎక్కించడానికో సిద్ధం చేయడం మాస్టరింగ్. రీమాస్టర్‌లో ఈ చివరి పనే మళ్లీ జరుగుతుంది: ఈక్యూ (బాస్, ట్రెబుల్ సర్దుబాటు), లెవెల్, నాయిస్ శుభ్రం చేయడం. రీమిక్స్‌లో వెనక్కి వెళ్లి మల్టీట్రాక్ తెరుస్తారు. ఎడమన ఉన్న గిటారు మధ్యకొస్తుంది, రివర్బ్ మారుతుంది, ఫేడ్ కొత్తగా వేస్తారు.

మీ ఆరు సెకన్ల ఫేడ్ మాస్టరింగ్‌లోనూ పోయి ఉండొచ్చు. అదొక్కటి చూసి రీమిక్స్ అనుకోకండి. హెడ్‌ఫోన్‌లో ఏ వాయిద్యం ఎటు ఉందో పాత దానితో పోల్చండి, తేలిపోతుంది.

నా లెక్కలో మిక్స్ జోలికి పోకూడదు. మాస్టరింగ్ మాత్రం మారక తప్పదు.

ప్రెస్సింగ్_పిచ్చి
మాస్టరింగ్ మారితే ఫర్వాలేదన్నది నేను ఒప్పుకోను. 'లెడ్ జెపెలిన్ 2' (1969) తీసుకోండి. తొలి అమెరికన్ ప్రెస్సింగుల్లో మాస్టరింగ్ ఇంజనీరు రాబర్ట్ లుడ్విగ్ కోసిన కట్ ఉంటుంది, రన్‌అవుట్‌లో (లేబుల్ పక్కన పాట లేని చోట) "ఆర్‌ఎల్" అని చెక్కి ఉంటుంది. దాని పక్కన తర్వాతి కట్ వినండి. మిక్స్ ఒకటే. డ్రమ్స్ దెబ్బ, బాస్ బరువు ఎక్కడా పోలిక లేదు. ఆ రికార్డుకి అంత పేరు తెచ్చింది ఆ కటింగే.

డెసిబెల్_దాసు
@ప్రెస్సింగ్_పిచ్చి, మీ ఉదాహరణ మీ వాదననే దెబ్బకొడుతోంది. ఆ కట్ లెవెల్ మరీ ఎక్కువగా ఉండి చవక ప్లేయర్ల మీద ముల్లు ఎగిరిపోతోందని పక్కనపెట్టి, తగ్గించి మళ్లీ కోశారు. జనంలో ఎక్కువమంది ఇళ్లలో ఉన్నది ఆ తగ్గించిన కట్టే. ఇప్పుడు చెప్పండి, రీఇష్యూ ఏ "ఒరిజినల్"కి కట్టుబడాలి?

ప్రెస్సింగ్_పిచ్చి
మొదట కోసినదానికి. ముల్లు ఎగరడం ప్లేయర్ లోపం, రికార్డు లోపం కాదు.

మోనోమూర్తి
ఇంకా వెనక్కి వెళ్తే తిరకాసు ఇంకా ఎక్కువ. 1960ల నడిమి వరకు పాప్, రాక్‌లో అసలు మిక్స్ అంటే మోనోయే. స్టీరియో తర్వాత తీరిగ్గా చేసేవారు, చాలాసార్లు కళాకారులు లేకుండానే. బీచ్ బాయ్స్ 'పెట్ సౌండ్స్' 1966లో మోనో మిక్స్‌తో వచ్చింది. దాన్ని తయారుచేసిన బ్రయన్ విల్సన్‌కి కుడి చెవి దాదాపు వినపడేది కాదు, ఆయన ఆలోచనంతా మోనోలోనే. దానికి అసలైన స్టీరియో మిక్స్ బయటికి వచ్చింది 1990లలో. బాగుంటుంది, నేనేం కాదనను. కానీ మోనోని పక్కకు నెట్టి స్టీరియో ఒక్కటే అమ్మితే అది ఆ ఆల్బమ్ కాదు.

బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్' (1967) లోని 'షీజ్ లీవింగ్ హోమ్' మోనోలో వేగం ఎక్కువ, శ్రుతి కూడా దాదాపు అర స్వరం పైన. స్టీరియో మాత్రమే విన్నవాళ్లకి ఆ పాట నీరసంగా సాగినట్టు అనిపించడంలో వింత లేదు.

బీటిల్స్‌కి 2009లో మోనో సెట్టు, స్టీరియో సెట్టు విడివిడిగా తెచ్చారు. సరైన పద్ధతి అదీ. 'హెల్ప్!', 'రబ్బర్ సోల్' స్టీరియోకి మాత్రం 1987లో జార్జ్ మార్టిన్ చేసిన రీమిక్స్ వాడారు. 1965 నాటి స్టీరియో మిక్సులు మోనో సెట్టులో చేర్చారు. ఏది ఎక్కడుందో తెలిసి కొనాలి.

వినేవాడు_22
నా దగ్గర ఒక పాత రికార్డు మీద "ఎలక్ట్రానిక్ పద్ధతిలో స్టీరియోగా మార్చినది" అని ఉంది. అదీ ఒరిజినలేనా? రీఇష్యూలో అదే రావాలా?

మోనోమూర్తి
@వినేవాడు_22, వద్దు. అది మోనో టేపుని రెండుగా చీల్చి, ఒక చానెల్లో బాస్ ఎక్కువ, రెండో దాంట్లో ట్రెబుల్ ఎక్కువ పెట్టి, ఒకదాన్ని కొంచెం ఆలస్యం చేసి తయారుచేసిన దొంగ స్టీరియో. క్యాపిటల్ వాళ్లు దీన్నే డ్యుయోఫోనిక్ అన్నారు. రెండు చానెళ్లు కలిపి మోనో చేసినా పాత మోనో తిరిగి రాదు. ఆలస్యం వల్ల కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని గొంతు డొల్లగా వినిపిస్తుంది. ఇలాంటివాటికి మోనో టేపు వెతికి పట్టుకోవడమే దారి.

టేపుచక్రం
ఈక్యూ, లెవెల్ గురించి అందరూ మాట్లాడుతున్నారు. అసలు తగాదా అంతకు ముందే, టేపు మిషన్ మీద పెట్టినప్పుడే మొదలవుతుంది. సగం రీఇష్యూలు చెడేది అక్కడే.

మొదట, ఏ టేపు? మిక్స్ అయినప్పటి అసలు టేపు ఒకటి ఉంటుంది. దాని నుంచి ఎల్పీ కోయడం కోసం ఈక్యూ, కంప్రెషన్ (గట్టి, మెల్లని శబ్దాల తేడా తగ్గించడం) కలిపి తీసిన కటింగ్ కాపీ ఇంకోటి. ఇతర దేశాల ప్రెస్సింగ్ ప్లాంట్లకి పంపిన కాపీలు మరికొన్ని. అల్మరాలో ముందు చేతికి దొరికేది సాధారణంగా కాపీయే. 1980లలో వచ్చిన తొలి సీడీలు చాలావరకు కటింగ్ కాపీల నుంచే తీసినవి. ఎల్పీకి పనికొచ్చేలా వంచిన శబ్దాన్ని తెచ్చి సీడీలో పోశారు. "సీడీ అంటే పల్చన" అన్న పేరు రావడానికి ఇదొక కారణం.

తర్వాత టేపు ఆరోగ్యం. 1970ల మధ్య నుంచి 80ల వరకు వచ్చిన వీపు పూత ఉన్న టేపులు, ముఖ్యంగా ఆంపెక్స్ 406, 456, తేమ పీల్చుకుని జిగటగా మారతాయి. ప్లే చేస్తే కీచుమంటాయి, హెడ్ల మీద గోధుమరంగు మడ్డి పేరుకుంటుంది. ఆ మడ్డితోపాటు సంగీతమూ పోతుంది, తిరిగి రాదు. అందుకే కీచుమన్న వెంటనే ఆపేయాలి. సుమారు 54 డిగ్రీల సెల్సియస్‌లో ఎనిమిది గంటలో, టేపు వెడల్పైతే ఇంకా ఎక్కువసేపో నిలకడైన వేడిలో ఉంచి, పూర్తిగా చల్లారాక ట్రాన్స్‌ఫర్ చేయాలి. ఆ ఫలితం కొన్ని వారాలే నిలుస్తుంది.

మూడోది అలైన్‌మెంట్. టేపు మొదట్లో రికార్డు చేసిన టోన్లు ఉంటాయి (1 కిలోహెర్ట్జ్, 10 కిలోహెర్ట్జ్, ఒక తక్కువ ఫ్రీక్వెన్సీ). ప్లేబ్యాక్ మిషన్‌ని వాటికి సర్దాలి. హెడ్ కోణం, అంటే ఆజిమత్, కొంచెం తప్పినా పై ఫ్రీక్వెన్సీలు పోతాయి, రెండు చానెళ్లు కలిపి మోనో చేస్తే ఇంకా దారుణం. సాధారణంగా అమెరికన్ టేపు ఎన్‌ఏబీ అనే ప్రమాణపు ఈక్యూ మీద, యూరప్ టేపు ఐఈసీ అనే ప్రమాణపు ఈక్యూ మీద ఉంటుంది. ఒకదాన్ని ఇంకోదాని మీద ప్లే చేస్తే బాస్, ట్రెబుల్ రెండూ తప్పుతాయి. డాల్బీ-ఎ (టేపు బుస్సుమనే హిస్‌ని తగ్గించే పద్ధతి) తో రికార్డయిన టేపుని డీకోడ్ చేయకుండా తీస్తే హిస్, సింబల్స్ (డ్రమ్స్‌లోని తాళాలు) చెవిలో గుచ్చుకుంటాయి, మెల్లగా వాయించిన చోట్లు ఉబ్బి వినిపిస్తాయి. డీకోడ్ చేసినా డాల్బీ టోన్ లెవెల్ కుదరకపోతే శబ్దం ఊగుతుంది.

ఇవన్నీ సరిగ్గా చేశాక ఈక్యూ గురించి మాట్లాడుకుందాం. చేయాల్సింది పెద్దగా మిగలదు.

వినేవాడు_22
అన్ని పాత టేపులూ వేడి చేయొచ్చా?

టేపుచక్రం
@వినేవాడు_22, అస్సలు వద్దు. 1950లు, 60ల మొదటి భాగం నాటి అసిటేట్ టేపు వేడికి వంకరపోతుంది, పాడైపోతుంది. రీలుని వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. కాంతి లోపలికి దిగి కనిపిస్తే అసిటేట్, నల్లగా అడ్డుకుంటే పాలియెస్టర్. వెనిగర్ వాసన వస్తే అసిటేట్ కుళ్లడం మొదలైనట్టు, దాన్ని మిగతా రీళ్ల నుంచి వేరు చేసి ముందు దాన్నే ట్రాన్స్‌ఫర్ చేయాలి. మైక్రోవేవ్ మాట ఎవరైనా ఎత్తితే వినొద్దు.

శ్రుతిలయ
ఒరిజినల్‌లోనే తప్పుంటే? మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' (1959) మొదటి వైపు మూడు పాటలకీ రికార్డింగ్ రోజున ఒక టేపు మిషన్ నెమ్మదిగా తిరిగింది. ఆ టేపుని సరైన వేగంలో ప్లే చేస్తే శ్రుతి కాస్త పైకి పోతుంది. దశాబ్దాల తరబడి ఎల్పీలన్నీ అలాగే వచ్చాయి. ఆ పాటలతో కలిపి వాయిద్యం వాయించి నేర్చుకునేవాళ్లు శ్రుతి కుదరక తల పట్టుకునేవారు. అదే సెషన్‌లో పక్కన తిరిగిన రెండో మిషన్ టేపు సరైన వేగంలో ఉంది. 1992లో దాన్ని వాడి సరిదిద్దారు.

@ప్రెస్సింగ్_పిచ్చి, "మొదట కోసినదానికే" అన్న మీ సూత్రం ఇక్కడ పెడితే తప్పు శ్రుతిని కాపాడుకుంటూ కూర్చోవాలి.

ప్రెస్సింగ్_పిచ్చి
మూడు దశాబ్దాలకి పైగా లోకం విన్నది ఆ శ్రుతినే కదా. దాన్ని విని నేర్చుకున్న తరం ఉంది. సరిదిద్దిన కూర్పు తేవడం మంచిదే, పాతది దొరకకుండా చేయడం మాత్రం చరిత్రని చెరపడమే.

శ్రుతిలయ
వాయించినవాళ్లు ఆ శ్రుతిలో వాయించలేదు. గదిలో మోగినదానికి దగ్గరైనది కొత్తదే.

గాడి_ముల్లు
@శ్రుతిలయ చెప్పినదాంట్లో ఒక గీత దొరుకుతోంది. మిషన్ చేసిన తప్పు వేరు, మనిషి తీసుకున్న నిర్ణయం వేరు. వేగం తప్పడం, ఆజిమత్ తప్పడం, చానెళ్లు తారుమారు కావడం, ఎడిట్ దగ్గర క్లిక్కు, ఇవి ఎవరూ కోరుకున్నవి కావు, సరిదిద్దొచ్చు. మోనోలో పాటని కావాలని వేగంగా తిప్పడం నిర్ణయం, దాన్ని ముట్టుకోకూడదు. ఏది ఏదో తేల్చడానికి సెషన్ కాగితాలు, రెండో టేపు, టేపు పెట్టె మీద రాతలు చూడాలి. "మా చెవికి తప్పనిపించింది" అన్నది చాలదు.

టేపుచక్రం
వేగం తేల్చడానికి ఇంకో మంచి సాక్షి ఉంది, టేపులో ఇంకిన కరెంటు హమ్ (గుయ్యిమనే శబ్దం). అమెరికన్ రికార్డింగైతే 60 హెర్ట్జ్, యూరప్‌ది అయితే 50. నిశ్శబ్దంగా ఉన్న చోట స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో చూపే గ్రాఫ్) తీసి చూడండి. 60 ఉండాల్సింది 61 దగ్గర కనిపిస్తే ప్లేబ్యాక్ వేగం ఒకటిన్నర శాతానికి పైగా ఎక్కువన్నమాట. అందరూ తిట్టుకునే హమ్ ఇక్కడ పనికొస్తుంది! రికార్డింగ్ నాటి బయస్ సిగ్నల్ (రికార్డు చేసేటప్పుడు కలిపే, చెవికి వినపడని పై ఫ్రీక్వెన్సీ) చదవగలిగితే ఊగుడు, వణుకు కూడా క్షణక్షణానికీ సరిచేయొచ్చు. దానికి మామూలు ప్లేబ్యాక్ హెడ్లు, ప్రీఆంప్లు చాలవు.

డెసిబెల్_దాసు
ఎల్పీ కట్‌ని దేవుడిగా చూడటం ఎందుకో చెప్పండి. కటింగ్ ఇంజనీరు చేసిన మార్పుల్లో చాలావరకు రుచి కోసం కాదు, గాడి కోసం. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో బయటి అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకి 51 సెంటీమీటర్లు కదులుతుంది, లేబుల్ దగ్గరకొచ్చేసరికి 21కి పడిపోతుంది. అంటే వైపు చివరి పాటకి పై ఫ్రీక్వెన్సీలు రాయడానికి సగం చోటు కూడా ఉండదు. అందుకే అక్కడ ట్రెబుల్ తగ్గించేవారు. బాస్ రెండు చానెళ్లలో వేరువేరుగా ఉంటే గాడి లోతు మారిపోయి ముల్లు తేలిపోతుంది, అందుకని కింది ఫ్రీక్వెన్సీలని మధ్యకి తెచ్చి మోనో చేసేవారు. వైపు 20 నిమిషాలు దాటితే మొత్తం లెవెలే తగ్గించాలి, లేదంటే గాడులు పట్టవు.

సీడీకో ఫైలుకో ఈ ఇబ్బందులేవీ లేవు. అక్కడ ఆ కోతలని కాపాడటం విశ్వాసం కాదు. మిక్స్ గదిలో వాళ్లు విన్నది ఇవ్వడం విశ్వాసం.

గాడి_ముల్లు
ఒప్పుకుంటా, ఒక్క మినహాయింపుతో. కొందరు మిక్స్ చేసేటప్పుడే "కటింగ్‌లో ఇది పెరుగుతుంది, అది తగ్గుతుంది" అని లెక్కేసుకుని టేపుని తయారుచేసేవారు. అలాంటి టేపుని ముట్టుకోకుండా తీస్తే పల్చగానో మబ్బుగానో వినిపిస్తుంది. అందుకే మంచి మాస్టరింగ్ ఇంజనీరు తొలి ప్రెస్సింగ్ ఒకటి పక్కన పెట్టుకుని వింటూ పనిచేస్తాడు. దాన్ని అచ్చు దించడానికి కాదు, గురి తప్పకుండా ఉండటానికి.

రన్‌అవుట్
78లకీ (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు) 50ల ఎల్పీలకీ ఇంకో గొడవ. ఆర్‌ఐఏఏ కర్వ్ (రికార్డులకి వేసే ప్రామాణిక ఈక్యూ) వచ్చింది 1954లో. అంతకుముందు ఒక్కో కంపెనీది ఒక్కో కర్వ్. డిస్కు నుంచే ట్రాన్స్‌ఫర్ చేయాల్సివస్తే కర్వ్ తప్పు పెడితే మొత్తం రంగే మారిపోతుంది. ముల్లు కూడా చూసుకోవాలి. తొలి మోనో ఎల్పీకి 25 మైక్రాన్లు, స్టీరియోకి 18, 78కి 70 చుట్టుపక్కల. సన్నముల్లు 78 గాడి అడుగున పాకుతూ చెత్తంతా పైకి తెస్తుంది. మోనో డిస్కుకి రెండు చానెళ్లూ కలిపి తీయండి, నిలువు కదలిక నుంచి వచ్చే శబ్దం పోతుంది.

వినేవాడు_22
1980ల సీడీ ఒకటి రిప్ చేస్తే (కంప్యూటర్లోకి ఫైలుగా తీస్తే) భరించలేనంత ట్రెబుల్. పాత సీడీలే మంచివని చాలామంది అంటుంటారుగా?

రన్‌అవుట్
ప్రీఎంఫసిస్ (సీడీ తయారీలోనే ట్రెబుల్ పెంచి పెట్టడం) అయ్యుంటుంది. కొన్ని తొలి సీడీల్లో 50/15 మైక్రోసెకన్ల ఎంఫసిస్ ఉంది. సీడీ ప్లేయర్ ఫ్లాగ్ (డిస్కులోని గుర్తు) చూసి తనే దించుతుంది, రిప్ చేసే సాఫ్ట్‌వేర్ చాలాసార్లు పట్టించుకోదు. 20 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 10 డీబీ ఎక్కువ వస్తుంది. రిప్ మీద డీఎంఫసిస్ ఫిల్టర్ వేయండి. ఫ్లాగ్ కొన్నిటికి డిస్కు మొదటి సూచికలో ఉండదు, ట్రాకు సబ్‌కోడ్‌లోనే ఉంటుంది, రెండూ చూడాలి.

డెసిబెల్_దాసు
@నల్లపళ్లెం మీ ఫైలు సంగతికొద్దాం. -0.1 దగ్గర పీకులన్నీ తెగాయంటే లిమిటర్‌తో (పీకులని నొక్కిపట్టే సాధనం) లెవెల్ పెంచారు. ఇంటిగ్రేటెడ్ లౌడ్‌నెస్ (మొత్తం మీద సగటు గట్టిదనం, లఫ్స్‌లో చెబుతారు) కొలవండి. -8 లఫ్స్ లాంటిది వస్తే ఆ కష్టమంతా వృథా, ఎందుకంటే స్పాటిఫై మామూలు సెట్టింగులో ఎలాగూ -14 దగ్గరకి దించేస్తుంది. గట్టిదనం పోతుంది, నలిగిన డ్రమ్స్ మిగులుతాయి.

ఫేడ్ ముందే అయిపోవడానికి కారణం కూడా బహుశా ఇదే. లెవెల్ 6 డీబీ పెంచితే టేపు హిస్ కూడా 6 డీబీ పెరుగుతుంది. పాట నడుస్తుండగా వినపడదు, ఫేడ్ చివర్లో బయటపడుతుంది. దాన్ని దాచడానికి ఫేడ్ ముందే కోసేస్తారు. పాటల మధ్య ఖాళీలు కుదించి డిజిటల్ నిశ్శబ్దం పెట్టేదీ అందుకే. ఒక తప్పుని కప్పడానికి రెండోది.

ఇంకో సంగతి. ఎల్పీ రిప్‌కి డీఆర్ మీటర్ (గట్టి, మెల్లని శబ్దాల తేడా కొలిచేది) పెట్టి "డీఆర్ 12, చూడండి ఎల్పీకి వేరే మాస్టర్" అనకండి. అదే నలిగిన మాస్టర్‌ని గాడిలో కోసి తిరిగి ప్లే చేసినా ఫేజ్ మారి పీకులు పైకి లేస్తాయి, మీటర్ ఎక్కువ చూపిస్తుంది. చెవితో పోల్చాలి, అదీ లెవెల్ 0.2 డీబీ లోపల సమానం చేశాకే. కొంచెం గట్టిగా ఉన్నదే ఎప్పుడూ బాగున్నట్టు అనిపిస్తుంది.

శ్రుతిలయ
నాయిస్ రిడక్షన్ ఎంతవరకు సబబు? హిస్ లేకుండా వింటే కొత్తవాళ్లకి సులువని కొందరంటారు.

టేపుచక్రం
హిస్ సంగీతంతో అల్లుకుపోయి ఉంటుంది. 8 కిలోహెర్ట్జ్ పైన సింబల్ తోక, బ్రష్ రాపిడి, గాయకుడి ఊపిరి, గది ప్రతిధ్వని అన్నీ హిస్ లెవెల్ దగ్గరే ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌కి వాటిని విడదీయడం కష్టం. పరీక్ష సులువు: తీసేసిన శబ్దాన్ని మాత్రం వినిపించే మీట ప్రతి మంచి సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటుంది. అది నొక్కి వినండి. ఖాళీ హిస్ మాత్రమే వినిపిస్తే సరే. అందులో లయ వినిపించిందా, సంగీతం తీసేస్తున్నారన్నమాట.

విడి విడి క్లిక్కులు, ఎడిట్ దగ్గర టప్ మనడం, మైకులో "ప" కొట్టిన ఊపిరి, ఇవి చేత్తో ఒక్కొక్కటీ తీయొచ్చు. మొత్తం ఆల్బమ్ మీద డీనాయిస్ పరిచేయడం నాకు సమ్మతం కాదు.

నల్లపళ్లెం
కళాకారుడే మార్చమంటే?

ప్రెస్సింగ్_పిచ్చి
@నల్లపళ్లెం, ఇగ్గీ పాప్ బృందం స్టూజెస్ ఆల్బమ్ 'రా పవర్' చూడండి. 1973లో డేవిడ్ బోవీ మిక్స్. 1997లో ఇగ్గీ పాప్ స్వయంగా రీమిక్స్ చేశాడు, ఎర్రగీత దాటి వక్రీకరణ కక్కేంత గట్టిగా. ఆయన ఆల్బమ్, ఆయన హక్కు. కానీ 2010లో బోవీ మిక్స్ మళ్లీ తెచ్చేదాకా కొత్తగా కొనేవాళ్లకి పాతది అందుబాటులో లేకుండా పోయింది. నా కోపం రీమిక్స్ మీద కాదు, అసలుని బజారు నుంచి తీసేయడం మీద.

మోనోమూర్తి
'రా పవర్' మెరుగే. ఓజీ ఆస్బోర్న్ తొలి రెండు ఆల్బమ్‌ల 2002 రీఇష్యూలో బాస్, డ్రమ్స్ పూర్తిగా చెరిపి వేరేవాళ్లతో కొత్తగా వాయించి పెట్టారు. బాబ్ డైస్లీ, లీ కెర్స్‌లేక్ వాయించినది మాయం. 2011లో గానీ తిరిగి రాలేదు. జీజీ టాప్ పాత ఆల్బమ్‌లకి 1987 సీడీ సెట్టులో 80ల డ్రమ్ము శబ్దాలు, డిజిటల్ రివర్బ్ అంటించారు. 'ట్రెస్ ఓంబ్రెస్'కి పాత మిక్స్ సీడీలో రావడానికి 2006 దాకా ఆగాల్సొచ్చింది. అప్పటి ఫ్యాషన్‌కి తగ్గట్టు మార్చినదే అన్నిటికంటే ముందు పాతబడుతుంది.

శ్రుతిలయ
కొన్నిసార్లు చట్టం బలవంతం చేస్తుంది. హిప్‌హాప్ బృందం డి లా సోల్ పాత ఆల్బమ్‌లు 2023 మార్చిలో స్ట్రీమింగ్‌కి వచ్చినప్పుడు అనుమతి దొరకని కొన్ని శాంపుల్స్ (ఇతరుల పాటల నుంచి తీసిన ముక్కలు) బదులు కొత్తగా వాయించి పెట్టారు. అలా చేయకపోతే అసలు వచ్చేవే కావు. అక్కడ నేను మార్పువైపే. ఏది మారిందో పాటవారీగా చెబితే చాలు.

గాడి_ముల్లు
చెప్పడమే అసలు సమస్య. మొబైల్ ఫిడెలిటీ అనే రీఇష్యూ కంపెనీ సంగతి చూడండి. అంతా అనలాగ్ అని జనం నమ్మి కొన్న రికార్డుల్లో చాలావాటికి మధ్యలో డీఎస్‌డీ (ఒక డిజిటల్ పద్ధతి) ట్రాన్స్‌ఫర్ ఉందని 2022లో బయటపడింది, కోర్టు దాకా వెళ్లింది. శబ్దం బాగాలేదని ఎవరూ అనలేదు.

డెసిబెల్_దాసు
అదే నేనూ అనేది. చెవికి తేడా తెలియనప్పుడు డిజిటల్ దశ ఉంటే ఏంటి? పాత టేపుని ప్రతి లాకర్‌కీ మళ్లీ మళ్లీ మిషన్ మీద తిప్పే బదులు ఒక్కసారి బాగా ట్రాన్స్‌ఫర్ చేసి దాని నుంచి కోయడం టేపుకి మేలు.

గాడి_ముల్లు
మేలే. ఆ సంగతి అట్ట మీద రాసి అమ్మాలి. శబ్దం బాగుందన్నది దాచినందుకు సమాధానం కాదు.

అట్టబొమ్మ
శబ్దం ఒక్కటేనా ఆల్బమ్? అట్ట సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒరిజినల్ ఫోటో నెగటివ్, ప్రింటింగ్ ఫిల్ములు పోయాయని అచ్చైన అట్టనే స్కాన్ చేస్తారు. హాఫ్‌టోన్ చుక్కల (అచ్చులో బొమ్మగా కనిపించే సన్న చుక్కలు) మీద మళ్లీ చుక్కలు పడి గళ్లుగళ్లుగా మోరే కనిపిస్తుంది. దాన్ని పోగొట్టాలని మసకబారుస్తారు, సన్న అక్షరాలు కరిగిపోతాయి. సరైన దారి: 1200 డీపీఐ దాకా స్కాన్ చేసి, చుక్కలు తొలగించాక తగ్గించాలి. అక్షరాలన్నీ స్కాన్ నుంచి తీసేసి అదే ఫాంటుతో కొత్తగా పేర్చాలి. నలుపు ఒక్క సిరాలోనే అచ్చేయాలి, నాలుగు రంగుల్లో చీలిస్తే అంచులు అలుక్కుపోతాయి. రంగులకి వెలిసిపోని ప్రతి రెండు మూడు పక్కన పెట్టుకోవాలి, ఒక్కటే చూస్తే ఎండకి పసుపెక్కినదాన్నే అసలు రంగనుకుంటారు.

వంద శాతం విశ్వాసం మాత్రం నాకూ వద్దు. రోలింగ్ స్టోన్స్ 'స్టికీ ఫింగర్స్' (1971) అట్ట మీది నిజం జిప్పు ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు రికార్డుల్ని నొక్కేసింది. జిప్పుని మధ్య దాకా కిందికి లాగి పంపారు, దెబ్బ లేబుల్ మీద పడేలా. పాత గరుకు కాగితం లోకవరు కూడా అంతే, తీసినప్పుడల్లా సన్న గీతలు. పీవీసీ కవర్లయితే రికార్డు మీద మబ్బు పట్టిస్తాయి. బొమ్మ అచ్చేసిన లోకవరు కావాలంటే ఇవ్వండి, రికార్డుని మాత్రం పాలిథిన్ కవరులో పెట్టండి.

ప్రెస్సింగ్_పిచ్చి
180 గ్రాముల పిచ్చి కూడా వదిలించుకోవాలి. బరువు వల్ల శబ్దం మారదు. కటింగ్, ప్లేటింగ్ (లోహపు అచ్చు తీయడం), నొక్కేటప్పటి వేడి, చల్లార్చే సమయం, వీటితో మారుతుంది. తొందరపెట్టి తీసిన 180 గ్రాముల రికార్డు వంకరపోతుంది, గాడి పూర్తిగా నిండక చిటపటమంటుంది. మందం పెరిగింది కాబట్టి టోన్‌ఆర్మ్ ఎత్తు సర్దుకోవడం మాత్రం మిగిలింది.

రన్‌అవుట్
45 వేగంలో రెండు డిస్కులుగా కోసిన రీఇష్యూల మీద ఏమంటారు? గాడి వేగం 35 శాతం ఎక్కువ, లోపలి పాటలు తేటగా వస్తాయి.

మోనోమూర్తి
@రన్‌అవుట్, శబ్దం బాగుంటుంది, ఆల్బమ్ విరుగుతుంది. వైపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో పాటల వరుస వేసినవాళ్లు ఆలోచించి పెట్టారు. రెండు పాటలకోసారి లేచి తిప్పాలంటే ఆ వరుసకి అర్థం లేదు. 33⅓ కూర్పు కూడా ఉంటేనే 45 తేవాలి.

బోనస్ పాటల మాట కూడా ఇక్కడే. ఎల్పీలో అసలు వైపుల మీద కలపకూడదు, ఉన్న పాటల లెవెల్ తగ్గించాల్సివస్తుంది. సీడీలో వేరే డిస్కు, లేదంటే కనీసం పది పదిహేను సెకన్ల ఖాళీ.

రన్‌అవుట్
రన్‌అవుట్ గాడిని కూడా మర్చిపోవద్దు. 'సార్జెంట్ పెప్పర్' బ్రిటిష్ ప్రెస్సింగ్ చివర్లో 15 కిలోహెర్ట్జ్ కూత, ఆఖరి గాడిలో గజిబిజి మాటలు ఉన్నాయి. మొదటి అమెరికన్ ఎల్పీల్లో లేవు. 1987 సీడీలో కాసేపు తిప్పి ఫేడ్ చేశారు. ఆటోమేటిక్ ప్లేయర్ ఉన్నవాళ్లకి ఆ గాడి అప్పట్లోనూ సరిగ్గా వినపడలేదు.

నల్లపళ్లెం
పాత ట్రాన్స్‌ఫర్, కొత్తది పోల్చాలంటే పద్ధతి చెప్పండి. ఏదో ఒక సాక్ష్యంతో వాళ్లకి రాయాలనుంది.

డెసిబెల్_దాసు
ఒకే ట్రాన్స్‌ఫర్ నుంచి వచ్చిన రెండు ఫైళ్లయితే శాంపుల్ రేటు ఒకటే చేసి, ఒక డ్రమ్ము దెబ్బ పట్టుకుని శాంపుల్‌కి శాంపుల్ కలిపి, లెవెల్ సరిచేసి, ఒకదాని పోలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) కలపండి. మిగిలేదే తేడా. ఈక్యూ మారితే పల్చని సంగీతం, లిమిటర్ వేస్తే డ్రమ్ము దెబ్బల దగ్గర చిటుకులు మిగులుతాయి.

వేర్వేరు టేపు ట్రాన్స్‌ఫర్‌లైతే ఇది పనిచేయదు. వేగంలో 0.1 శాతం తేడా ఉన్నా మూడు నిమిషాల పాటలో 0.18 సెకన్లు పక్కకి జరిగిపోతుంది. ఎల్పీ రిప్‌తో అసలే కుదరదు. అలాంటప్పుడు స్పెక్ట్రమ్, లౌడ్‌నెస్, ఫేడ్ పొడవు, స్టీరియో స్థానాలు విడివిడిగా రాసుకోండి.

టేపుచక్రం
రాసేటప్పుడు "బాగాలేదు" అని రాస్తే జవాబు రాదు. ఫలానా పాట ఫేడ్ పాత కూర్పులో ఇంత దాకా ఉంది, మీ దాంట్లో ఇంతకే ఆగింది, మీరు వాడిన టేపు ఏది, అది మిక్స్ టేపా కాపీనా, అని అడగండి. ఏ టేపు, మిక్స్ ఏ ఏడాదిది, మధ్యలో డిజిటల్ దశ ఉందా, మాస్టరింగ్ ఎవరు, కటింగ్ ఎవరు, ఇంతా కలిపి వెనక అట్ట మీద రెండు వరుసల్లో పడుతుంది. చోటు లేదన్న సాకు చెల్లదు.

ప్రెస్సింగ్_పిచ్చి
మూడో వరుస కూడా ఉండాలి: వేగం, ఎడిట్, ఫేడ్‌లలో ఏవి మార్చారో. అది రాశాక మార్చినా నాకు అభ్యంతరం లేదు, మార్చనిది కూడా దొరికితే.

శ్రుతిలయ
మార్చనిది దొరకాలన్న షరతు దగ్గర నేను మీతోనే. 'కైండ్ ఆఫ్ బ్లూ' మాత్రం సరైన శ్రుతిలోనే వింటాను.